కరవీరపత్రం పూజయామి

"పాపా, ఇది మళ్ళీ కక్కుతోంది."

ఆటో రింగు రోడ్డు మీద ఎర్రలైటు దగ్గర ఆగి ఉంది. సదాశివరావు ఒళ్ళో ఉన్న తెల్లటి పొమరేనియన్ మెడ ముందుకు చాచి, అతని ఇస్త్రీ చొక్కా మీద పచ్చటి నురగ కక్కి, తల వాల్చేసింది. పక్కనే కూర్చున్న కూతురు, తండ్రిని హిందీవాళ్ళలా 'పాపా' అనే ప్రవల్లిక, చున్నీతో దాని మూతి తుడిచింది.

"భయ్యా, కాస్త తోలెయ్యి," అన్నాడు సదాశివరావు హిందీలో.

ఆటోవాడు వెనక్కి తిరిగి చూశాడు. "కుక్కే కదా సాబ్. మనిషై ఉంటే ఎర్రలైటు కూడా దాటించేవాణ్ణి."

మనిషై ఉంటే సదాశివరావు కూడా ఇంత బెదిరిపోయేవాడు కాదు. ఆ కుక్క పేరు మేజర్. దాని యజమాని గోవిందరాజులు, సదాశివరావు పనిచేసే మంత్రిత్వశాఖలో జాయింట్ సెక్రటరీ. భార్య పుట్టింటికి వెళ్ళింది, తనకేమో హైదరాబాద్‌లో మీటింగు. నౌకర్ల మీద నమ్మకం లేదు. "ఒక్క రోజు చూసుకోవయ్యా," అని నిన్న వినాయక చవితి పూటే డ్రైవర్‌తో కుక్కని ఆర్.కె. పురం క్వార్టర్‌కి పంపించాడు. ఈ సాయంత్రం ఫ్లైటులో దిగుతాడు.

ఆయన దగ్గర ఒక ఫైలుంది. సెక్షన్ ఆఫీసర్ సదాశివరావుని గౌహతికి బదిలీ చేయాలన్న ఫైలు. ప్రవల్లిక పన్నెండో క్లాసు, మార్చిలో బోర్డు పరీక్షలు. ఈ ఒక్క ఏడాది ఆపమని సదాశివరావు దణ్ణం పెట్టాడు. "తిరిగొచ్చాక చూద్దాం," అన్నాడు గోవిందరాజులు కుక్క తల నిమురుతూ. అంటే ఆ ఫైలు మీద పడే సంతకం ఎటు తిరుగుతుందో ఇప్పుడీ కుక్క ఊపిరి మీద ఆధారపడి ఉంది.

లైటు పచ్చబడింది. మేజర్ కళ్ళు మూతలు పడ్డాయి.

*

పశువుల డాక్టర్ భాటియా మేజర్ ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విన్నాడు. ఆ సేపంతా సదాశివరావు తన గుండె కొట్టుకోవడం తనే విన్నాడు.

"గుండె బాగా నెమ్మదించింది. మధ్యమధ్య ఒక దెబ్బ తప్పుతోంది," అన్నాడు డాక్టర్. "విషం. ఏం తిన్నది?"

"పెరుగన్నం."

"పెరుగన్నానికి గుండె ఆగదు జనాబ్. ఆ కక్కినదాంట్లో ఆకు ముక్కలున్నాయి. ఇంట్లో ఏం మొక్కలున్నాయి?"

"తులసి. వెనకాల నిమ్మచెట్టు. అంతే."

"బయటినుంచి పూలు, ఆకులు ఏమన్నా తెచ్చారా?"

సదాశివరావుకి పూజ గుర్తొచ్చింది. "నిన్న మాకు పండగ. గణేశ పూజ. ఇరవై ఒక్క రకాల ఆకులతో చేస్తాం."

"ఏ ఆకులు?"

పొద్దున్న లేస్తే ఫైళ్ళు కంఠస్థం చేసే మనిషి. పూజాపుస్తకం కూడా అలాగే వచ్చు. మాచీపత్రం, బృహతీపత్రం అంటూ మొదలుపెట్టి, ఒక్కొక్కదానికీ తనకు చేతనైన హిందీ పేరు చెబుతూ వెళ్ళాడు. దత్తూరపత్రం దగ్గర డాక్టర్ చెయ్యెత్తి ఆపాడు.

"ధతూరా?"

"జీ."

"ఇంకా?"

"కరవీరపత్రం. అంటే కనేర్. అర్కపత్రం. అంటే ఆక్."

తెలుగులో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు. ఊళ్ళో మేకలు కూడా వాసన చూసి పక్కకి తప్పుకునే మొక్కలు. డాక్టర్ కళ్ళద్దాలు తీసి సదాశివరావుని ఎగాదిగా చూశాడు.

"దేశంలో ఉన్న విషాలన్నీ ఇంట్లోకి తెచ్చి దండం పెట్టుకుని, పక్కనే కుక్కని కట్టేశారా?"

"దేవుడికండీ, కుక్కకి కాదు," అన్నాడు సదాశివరావు నీరసంగా.

"వినండి. లక్షణాలు చూస్తే కనేర్ అనిపిస్తోంది. అదే అయితే గుండె వేగం పెంచడానికి అట్రోపిన్ ఇస్తాను. కానీ ధతూరా కూడా తిని ఉంటే, ఆ ఇంజెక్షన్‌లో ఉండే మందే ధతూరాలోనూ ఉంటుంది. విషం మీద విషం ఎక్కించినట్టవుతుంది. ఇప్పుడు కడుపు కడిగి బొగ్గుపొడి పట్టిస్తాను. మీరు ఇంటికెళ్ళి, అందులో ధతూరా ఉందో లేదో చూసి ఫోన్ చెయ్యండి. తొందరగా."

"నేనిక్కడే ఉంటాను పాపా," అంది ప్రవల్లిక. "తుమ్ జావ్."

తండ్రిని 'మీరు' అనకుండా ఇలా 'తుమ్' అంటే వాళ్ళ అమ్మమ్మకి కాలుతుంది. సదాశివరావుకి ఆ క్షణంలో అదేమీ వినిపించలేదు. అప్పటికే ఆటో కోసం పరిగెడుతున్నాడు.

*

దారంతా అతని బుర్రలో ఒకే ఒక్క ముఖం తిరిగింది. అత్తగారు మాణిక్యాంబ.

తెనాలి నుంచి చవితికని వచ్చింది. మేజర్ గుమ్మంలో అడుగుపెట్టగానే, "ఇది వంటింటి గడప దాటితే నేను తెనాలి బండెక్కుతాను," అని ప్రకటించింది. రాత్రంతా అది మొరిగితే పక్కలో దొర్లుతూ, "దీని నోరు పడిపోనూ," అని మూడు భాషల్లో శపించింది. అందులో రెండు భాషలు ఆవిడకి రావు. ఉద్దేశం ఉంది, అవకాశం ఉంది. ఏ పోలీసుకైనా ఇంతకంటే ఏం కావాలి?

ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ చాప మీద కూర్చుని కందిపప్పులో రాళ్ళు ఏరుతోంది. భార్య మైథిలి గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"ఏవండీ, ఎలా ఉంది?"

"ఉంది. అత్తయ్యగారూ, నిజం చెప్పండి. కుక్కకేం పెట్టారు?"

"పెరుగన్నం పెట్టాను," అంది మాణిక్యాంబ తలెత్తకుండా. "మీ ఆఫీసరు కోడిమాంసం పెట్టమన్నాడట. చవితి మర్నాడు కోడిని కొయ్యమంటారా?"

"అది కాదు. నిన్నటి పత్రిలో గన్నేరు ఉంది కదా? ఉమ్మెత్త ఉంది కదా?"

"పూజ చేసింది మీరు. నన్నడుగుతారేం?"

"నేను పుస్తకంలోకి చూశాను. పళ్ళెంలోకి చూడలేదు."

మాణిక్యాంబ చేట కింద పెట్టింది. "ఆ ముక్క నాకు నిన్ననే తెలుసు. గరిక, తులసి, మామిడాకు, దానిమ్మ, మారేడు. ఈ ఊళ్ళో మాకు దొరికినవి అంతే. తక్కినవాటికి పళ్ళెంలో అక్షతలు పోసి పెట్టాను. మీరు దత్తూరపత్రం పూజయామి అని గట్టిగా చదివి బియ్యం వేశారు. కరవీరపత్రం పూజయామి అని మళ్ళీ బియ్యం వేశారు. చూసుకోలేదూ?"

సదాశివరావు నిలబడ్డచోటే కుంగిపోయాడు. ఇరవయ్యేళ్ళ గుమాస్తాగిరీ చేసిన పని అది. జతపరచిన కాగితాలు ఇరవై ఒకటి అని రాసి, కవరులో అయిదు పెట్టి పంపడం ఆఫీసులో రోజూ ఉన్నదే. దేవుడి దగ్గరా అదే చేశాడు. డాక్టర్ ముందు కూర్చుని, లేని ఆకులన్నీ అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పి వచ్చాడు.

"అంటే మనింట్లో గన్నేరే లేదా?"

"లేదు. ఉన్నా నేను రానిస్తానా? ఇంట్లో పిల్ల తిరుగుతోంది."

మరి కుక్క కడుపులోకి ఆకు ఎలా వెళ్ళింది? సదాశివరావు చూపు పైకప్పు వైపు లేచింది. పై అంతస్తులో చోప్డా ఆంటీ. నిన్న సాయంత్రం బాల్కనీలోంచి వంగి, "ఈ కుత్తాని ఎవరన్నా ఊరుకోబెట్టండి," అని కేకేసింది. ఆవిడ బాల్కనీ నిండా గులాబీరంగు పూలు.

"అసలది దేంట్లో మూతి పెట్టింది? ఎవరన్నా చూశారా?"

"బకెట్లో," అంది మైథిలి.

"ఏ బకెట్లో?"

"నిమజ్జనం బకెట్లో. పొద్దున్న ఉద్వాసన చెప్పి వినాయకుణ్ణి బకెట్లో కలిపేశాం కదండీ. యమున దాకా ఎవరు పోతారు? వినాయకుడి బొజ్జ మీద ఉండ్రాయి ఉందిగా. దానికోసం ఎగబడింది. నేను తరిమేలోపు ఉండ్రాయీ మింగింది, నీళ్ళూ తాగింది."

ఆమె మాట పూర్తయ్యేసరికి సదాశివరావు వెనకవాకిట్లో ఉన్నాడు.

నిమ్మచెట్టు కింద నీలం ప్లాస్టిక్ బకెట్. బురదనీళ్ళ మీద ఆకులు తేలుతున్నాయి. చొక్కా చేతులు పైకి మడిచి, రెండు చేతులూ మోచేతుల దాకా ముంచాడు. పిడికిట్లోకి సన్నటి, పొడుగాటి, గరుకు ఆకులు వచ్చాయి. వాటి వెంట వాడిన గులాబీరంగు పూలు.

గన్నేరు. కొమ్మలకు కొమ్మలే.

"అత్తయ్యగారూ, ఇటు రండి. ఇవేవిటి?"

మాణిక్యాంబ వచ్చి వంగి చూసింది. ముక్కు మీద వేలు వేసుకుంది. "ఇవి నేను పెట్టిన పత్రి కాదు."

సదాశివరావు మళ్ళీ చెయ్యి ముంచాడు. అడుగున మెత్తటి మట్టి తగిలింది. అందులో ఒక తొండం. సగం కరిగిన తమ వినాయకుడు. చెయ్యి పక్కకి జరిపాడు. ఇంకో తొండం తగిలింది.

రెండు తొండాలూ ఒకేసారి తడిమి చూసుకున్నాడు.

"మైథిలీ, బకెట్లో ఇద్దరున్నారు."

"ఎవరు?"

"వినాయకులు."

"ఉండరూ మరి?" అంది మైథిలి మామూలుగా. "రెండోది మీ ఆఫీసరుగారిది. మీరు నిన్న గుడికి వెళ్ళినప్పుడు డ్రైవర్ కుక్కతోపాటు పేపర్లో చుట్టిన మూట ఇచ్చాడు. సాబ్ పూజ ముగించుకుని విమానానికి వెళ్ళారు, మీ గణపతితో పాటు ఈ గణపతిని కూడా కలిపేయమన్నారు అన్నాడు. విగ్రహం, ఉండ్రాయి, పత్రి అన్నీ అందులోనే ఉన్నాయి. మీకు చెప్పడం మర్చిపోయాను."



నేరస్థుడు దొరికాడు. దొరికాక ఏం చెయ్యాలో తెలియని నేరస్థుడు. జాయింట్ సెక్రటరీ గోవిందరాజులు తన కుక్కకి విషాన్ని తనే పేపర్లో చుట్టి, ప్రభుత్వ వాహనంలో పంపించాడు.

"ముందు ఉమ్మెత్త సంగతి చూడండి," అన్నాడు సదాశివరావు.

బకెట్ గచ్చు మీద బోర్లించారు. ముగ్గురూ గొంతుకూర్చుని ఒక్కో ఆకూ విడదీశారు. మైథిలి ఒక వెడల్పాటి ఆకు ఎత్తి పట్టుకుంది. "ఇదేనా?"

"అది జామాకు," అంది మాణిక్యాంబ. "ఆఫీసరు గొప్పే గాని, ముప్పాతికవంతు గన్నేరే తోసి సరిపెట్టాడు. ఉమ్మెత్త లేదు. జిల్లేడూ లేదు. వెళ్ళి చెప్పు బాబూ, ఆ డాక్టరుకి."

ఎన్నడూ 'అల్లుడుగారూ' అని తప్ప పిలవని మనిషి 'బాబూ' అనడం సదాశివరావు గమనించలేదు. మెట్ల మీద పరిగెడుతున్నాడు.

*

సదాశివరావు ఇంట్లో ఫోన్ లేదు. అందరికీ ఇచ్చే పి.పి. నంబరు, అంటే పిలిపించే పొరుగింటి నంబరు, చోప్డా ఆంటీదే. ఆ ఫోన్‌కి ఒక బుల్లి తాళం ఉంటుంది. తాళంచెవి ఆంటీ దగ్గర ఉంటుంది. కథంతా వినందే ఆంటీ తాళం తియ్యదు.

"ఆంటీ, డాక్టర్‌కి అర్జెంటుగా ఫోన్ చెయ్యాలి."

"ఎవరికి బాగోలేదు?"

"కుక్కకి."

"నిన్న మొరిగిందే, అదా? ఏమైంది?"

"విషం తిన్నది."

ఆంటీ రెండు చేతులూ చెవులకి తాకించుకుంది. "హాయ్ రామ్. ఎవరు పెట్టారు?"

"అది తర్వాత చెప్తాను. తాళం."

"నా మీద అనుమానం పడుతున్నావా భాయీసాబ్? నిన్న కేకేశాను, నిజమే. తర్వాత దానికి పరాఠా కూడా విసిరాను. నెయ్యి పరాఠా."

సదాశివరావు బాల్కనీలోకి చూశాడు. గులాబీరంగు పూలు దగ్గర్నుంచి చూస్తే కాగితం పూలు. తన బుద్ధికి తనకే సిగ్గేసింది. "లేదు ఆంటీ, మీరు కాదని తేలిపోయింది."

"మరి ఎవరని తేలింది?"

"ఆంటీ, ఆ కుక్క పోతే నాకు గౌహతి."

కేంద్రప్రభుత్వ క్వార్టర్లలో ఆ ఒక్క మాటకి తియ్యబడని తాళం లేదు. ఆంటీ మెడలో గొలుసుకున్న తాళంచెవితో అక్కడికక్కడే ఫోన్ విప్పింది. సదాశివరావు నంబరు తిప్పాడు. ఎంగేజ్. మళ్ళీ తిప్పాడు. అవతల ఎవరో దూడకి కడుపు ఉబ్బిందని డాక్టర్‌కి చెబుతున్నారు. రాంగ్ కనెక్షన్ కాదు, లైన్లు కలిశాయి.

"పెట్టెయ్యండి భాయీ," అని సదాశివరావు ఆ దూడవాడి మీద అరిచాడు. "డాక్టర్ సాబ్, ధతూరా లేదు. కనేర్ ఒక్కటే. నా కళ్ళతో చూశాను."

"పక్కా?"

"మా అత్తగారు చూశారు."

"అయితే పక్కా," అన్నాడు డాక్టర్, ఫోన్ పెట్టేశాడు.

*

సాయంత్రానికి మేజర్ ప్రవల్లిక చేతుల్లో ఇంటికొచ్చింది. బొగ్గుపొడి పట్టించడంతో తెల్లటి కుక్క మూతి, గడ్డం, ముందుకాళ్ళు బొగ్గులబస్తాలో దొర్లినట్టున్నాయి. కానీ తోక ఆడుతోంది. మాణిక్యాంబ వంటింటి గడపకి ఇవతల కూర్చుని, దానికి గిన్నెతో మజ్జిగ పోసింది. గడపకి అవతల కాదు. అక్కడ రాజీ లేదు.

"పాపా, డాక్టర్ అంకుల్ ఒకటి చెప్పారు," అంది ప్రవల్లిక. "ఇది మొదటిసారి కాదట. విషం లోపలికి చాలారోజులుగా కొంచెం కొంచెం వెళ్తూ ఉండాలి అన్నారు. ఇంకోసారి ఇంత వెళ్తే తన దగ్గరికి తేవద్దన్నారు. దేర్ హో జాయేగీ, అప్పటికి ఆలస్యమైపోతుందట."

సదాశివరావుకి ఆ ముక్క అర్థం కాలేదు. అడిగేలోపే బయట తెల్ల అంబాసిడర్ ఆగింది.

గోవిందరాజులు సూట్‌కేసు కారులోనే వదిలి లోపలికొచ్చాడు. భారీ మనిషి. కూర్చోగానే కుర్చీ మూలిగింది. మేజర్ ఒళ్ళోకి దూకింది.

"ఏవయ్యా సదాశివరావ్, వీడి మొహం ఇలా నల్లగా ఉందేమిటి?"

"చిన్న అస్వస్థత సార్. ఇప్పుడు పూర్తిగా నయం."

"ఏం అస్వస్థత?"

సదాశివరావు నోరు తెరిచేలోపు ప్రవల్లిక చెప్పేసింది. "ఎవరో పాయిజన్ పెట్టారు అంకుల్. ప్లాంట్ పాయిజన్."

 గోవిందరాజులు మొహం మెల్లగా ఎర్రబడింది.

"ఎవరు?"

"తెలియదు సార్," అన్నాడు సదాశివరావు.

"తెలియదా? నీ ఇంట్లో, నీ కాపలాలో, నా కుక్కకి విషం పెట్టినవాడు నీకు తెలియదా? పైవాళ్ళు ఎవరు? నిన్న వీణ్ణి దింపేటప్పుడు ఎవరో అరిచారని డ్రైవర్ చెప్పాడు."

"వాళ్ళు కాదు సార్."

"కాదని తెలుసంటే, ఎవరో కూడా తెలుసన్నమాట." జాయింట్ సెక్రటరీ ఊరికే అవ్వలేదు ఆయన. "చూడు సదాశివరావ్. నీ ఫైలు కారులో ఉంది. రేపు పొద్దున్న సంతకం పెట్టి పంపాలి. ఆపుదామనే అనుకున్నాను. దోషిని దాచేవాడికి నేనెందుకు సాయం చెయ్యాలి? పేరు చెప్పు."

అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో సదాశివరావుకి ఆ క్షణంలో నిఘంటువు అక్కర్లేకుండా తెలిసింది. మైథిలి వెనకనుంచి చొక్కా లాగి, "తోటమాలి అని చెప్పండి," అని గొణిగింది. వాళ్ళకి అసలు తోటమాలే లేడు.

అప్పుడు వంటింటి గడప దగ్గర్నుంచి మాణిక్యాంబ గొంతు వినిపించింది.

"నేనే బాబూ. నా పేరు రాసుకో. అది రాత్రంతా నిద్రపోనివ్వలేదని నేనే ఏదో ఆకు పడేశాను. నాకేం ఉద్యోగమా, బదిలీయా? తెనాలికి టిక్కెట్టు ఎలాగూ ఉంది."

సదాశివరావు తిరిగి చూశాడు. ఆవిడ అల్లుడి వంక చూడకుండా మజ్జిగ గిన్నె తుడుస్తోంది. పొద్దున్న ఆవిడని దోషి బోనులో నిలబెట్టింది తనే. ఇప్పుడు ఆ బోనులోకి ఆవిడే నడిచి వెళ్ళింది.

గోవిందరాజులు ఆవిడ వైపు తిరిగాడు. వయసు చూశాడు, మడిచీర చూశాడు. మెత్తబడ్డాడు.

"సరే పెద్దమ్మా, పెద్దవారు, ఏమంటాను. ఇక వీణ్ణి ఎవరింట్లోనూ వదలను. నా బంగళాలో ఉంటేనే వీడికి క్షేమం." కుక్క వీపు నిమిరాడు. "మా ప్రహరీ పొడుగునా గన్నేరు కంచె ఉంది. ఎంత పూసిందనుకున్నారు. చవితి పత్రికి బయటికి వెళ్ళే పనే లేదు. రోజూ సాయంత్రం ఒక కొమ్మ విరిచి విసురుతాను, వీడు నోట కరుచుకుని పట్టుకొస్తాడు. నమిలి నమిలి గాని వదలడు. అయినా ఏమిటో, వీడికి ఎప్పుడూ పొట్ట బాగోదు. పాలు మంచివి కావని ముగ్గురు పాలవాళ్ళని మార్చాను."

 ప్రవల్లిక తండ్రి వైపు చూసింది. మైథిలి కూడా చూసింది. మేజర్ మాత్రం యజమాని మొహంలోకి చూస్తూ తోక ఆడిస్తోంది.

"పద నాయనా," అని గోవిందరాజులు లేచాడు. "చీకటి పడకముందే వెళ్తే ఒక రౌండు ఆడుకోవచ్చు. సదాశివరావ్, ఫైలు సంగతి నువ్వు దిగులుపడకు. ఆపేస్తాను."

కావాల్సిన మాట వచ్చేసింది. ఇక చెయ్యాల్సిందల్లా తలుపు తీసి, నమస్కారం పెట్టి, నోరు మూసుకోవడం. ఇరవయ్యేళ్ళుగా సదాశివరావు చేస్తున్నది అదే. అతను తలుపు తీశాడు. నమస్కారం కూడా పెట్టాడు.

"సార్, కుక్కని కింద పెట్టండి," అన్నాడు.

"ఏం?"

"మా అత్తగారు అబద్ధం చెప్పారు. ఆవిడ ఏమీ పెట్టలేదు. డాక్టర్ తేల్చాడు, బకెట్లో నేనూ చూశాను. వీడు తిన్నది గన్నేరు. ఇవాళ తిన్నది పేపర్ మూటలో వచ్చింది, రోజూ కొమ్మ రూపంలో వెళ్తోంది. ఇంకోసారి వెళ్తే దక్కడు సార్."

గోవిందరాజులు చేతుల్లో మేజర్ అలాగే ఉంది. ఆయన మొహంలో రంగు ఏదీ నిలవలేదు.

"నువ్వు ఎవరి గురించి మాట్లాడుతున్నావో తెలుస్తోందా? తిన్నగా పేరు చెప్పు."

సదాశివరావు చేతులు కట్టుకుని, ఆఫీసులో నోట్ చదివినట్టు స్పష్టంగా చెప్పాడు.

"జాయింట్ సెక్రటరీ గోవిందరాజులుగారు, సార్."